సెమినార్ పేపర్ గ్రామసభకు పనికొస్తుందా?

వచ్చే నెల యూనివర్సిటీ సదస్సులో పేపర్లు చదవబోతున్న మన పరిశోధక విద్యార్థుల సమావేశంలో మాట్లాడింది ఇది. అక్కడికి రాలేకపోయిన మీకోసం రాసి పెడుతున్నా.



నేను పీహెచ్‌డీ చేయట్లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. పీజీ చదివే రోజుల్లో రెండు సదస్సుల్లో పేపర్ చదివిన. ఆ తర్వాత సంఘం పనిలోకి వచ్చి, మూడేళ్లుగా పోడు క్లెయిముల ఫైళ్లు పట్టుకుని ఐటీడీఏ ఆఫీసు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నా. మీ సదస్సుకూ నా ఫైళ్లకూ సంబంధం ఏందని అడగొచ్చు. ఇవాళ చెప్దామనుకున్నది అదే.

2006 అటవీ హక్కుల చట్టం మీ అందరికీ తెలుసు. దాని కింద 2008లో వచ్చిన నియమాలు మాత్రం మనలో చాలామంది చదవలేదు. అందులో 13వ నియమం తెరవండి. భూమి మీద, అడవి మీద హక్కు అడిగేటప్పుడు ఏమేమి సాక్ష్యంగా పెట్టొచ్చో అందులో ఉంది. ప్రభుత్వ రికార్డులు, ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇల్లు, బావి, సమాధులు, ఇవన్నీ ఉన్నాయి. వాటితోపాటు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు, ఆచారాల మీద రాసిన పత్రాలు. రెండోది, ఊరి పెద్దలు చెప్పగా రాసిపెట్టిన వాంగ్మూలం.

ఈ రెండూ ఒకే జాబితాలో ఉన్నాయి. యూనివర్సిటీలో మీరు రాసే పేపరూ, మన గూడెంలో అవ్వ చెప్పే మాటా చట్టం ముందు పక్కపక్కనే కూర్చున్నాయి. నాకు ఇది తెలిసేసరికి నా రెండు పేపర్లూ అయిపోయాయి. మీకు ఇంకా నెల టైముంది.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు గుర్తు చేసుకోండి. క్లెయిములు తిరస్కరణకు గురైనవాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించమంది. దేశమంతా గోల లేస్తే అదే నెల 28న ఆ ఉత్తర్వును ఆపారు. ఆ పదిహేను రోజులు మన ఊళ్లల్లో ఎవరికి నిద్ర పట్టింది? సాక్ష్యం సరిపోలేదు అని ఒక అధికారి రాసే ఒక్క లైనుకు ఒక కుటుంబం మొత్తం లేచిపోవాల్సి రావచ్చు. ఆ లైన్ పడకుండా ఆపగలిగే కాగితాల్లో మీది ఒకటి కావచ్చు.

పరిశోధన రాతలు మనకు ఎదురుగా కూడా నిలబడతాయి. 'ప్రిమిటివ్' అనే మాటనే తీసుకోండి. అది మొదట మానవశాస్త్రం పుస్తకాల్లో ఉండేది. అక్కడి నుంచి ప్రభుత్వం ఫైళ్లలోకి వచ్చింది. చెంచులను, కొలాములను, కొండరెడ్లను, తోటీలను 2006 దాకా 'ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్' అనే రాశారు, ఆ తర్వాతే పేరు మార్చారు. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులన్నీ ఆదివాసులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, ఆ తీర్పులో మన సంస్కృతి గురించి మాట్లాడిన చోట మళ్లీ అదే మాట. ప్రభుత్వం జాబితాలో మార్చి పద్నాలుగేళ్లయినా కోర్టు కాగితంలో పోలేదు. ఆ మాటతో మన టీచర్ల ఉద్యోగాలు పోయాయని నేను అనను, కానీ ఆ తీర్పు చదువుతుంటే మనల్ని చూసే చూపు ఎక్కడ తయారైందో అర్థమైతది. అలాంటి మాటలకు సెమినార్ హాల్లో లేచి అడ్డం చెప్పేవాళ్లు ఆనాడు లేరు. ఇవాళ మీరున్నారు.

ఇక హాల్ సంగతి. వెళ్లినవాళ్లకు తెలుసు, వెళ్లనివాళ్లకు చెప్తా. పొద్దున ప్రారంభ సభకు ముఖ్య అతిథులను వేదిక మీదికి తీసుకురావడానికి కొమ్ము డ్యాన్స్ కావాలంటారు. మనవాళ్లు కొమ్ములు కట్టుకుని, డోలు కొట్టుకుంటూ వాళ్ల ముందు నడుస్తారు. ఫొటోలు దిగుతారు. మన పేపర్ మాత్రం భోజనాలయ్యాక, వెనక బ్లాకులో, ఒకేసారి నడిచే నాలుగు సెషన్లలో ఒకదాంట్లో ఉంటుంది. పదిహేను నిమిషాలు ఇచ్చినట్టు కార్డు మీద అచ్చేసి ఉంటుంది, మన వంతు వచ్చేసరికి ఏడు నిమిషాల్లో ముగించమంటారు. నేను చదివిన చోట గదిలో పదకొండు మంది ఉన్నారు, అందులో ఆరుగురు పేపర్ చదవాల్సినవాళ్లే. డ్యాన్స్ చేయొద్దని నేను చెప్పను. కొమ్ము మన గౌరవం. డ్యాన్సు చేసినోళ్లే పొద్దటి సెషన్లో పేపర్ కూడా చదువుతారని నిర్వాహకులకు ముందే ఉత్తరం రాయండి. ఒకరు రాస్తే పక్కన పడేస్తారు, ఏడుగురు కలిసి సంతకం పెడితే జవాబు చెప్పాల్సి వస్తది.

తర్వాత ప్రశ్నలు. ఒకటి తప్పకుండా వస్తది: "మీరు అదే తెగవారు కదా, మరి నిష్పాక్షికంగా ఎలా చూడగలిగారు?" నన్నూ అడిగారు. అడిగినాయన పేరూ, ఆ యూనివర్సిటీ పేరూ ఇప్పుడు అవసరం లేదు, ఈ ప్రశ్న ఎక్కడైనా ఒకటే. దీనికి కోపంతో జవాబు చెప్పొద్దు. ఎం.ఎన్. శ్రీనివాస్ గురించి చెప్పండి. మన దేశంలో సమాజశాస్త్రం చదివే ప్రతివాళ్లకూ ఆయన పాఠం. మైసూరు మనిషి, మైసూరు దగ్గరి పల్లెనే పరిశోధించాడు. 1970లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఎవరో నిప్పు పెడితే ఆయన ఏళ్ల తరబడి తయారు చేసుకున్న నోట్సు కాలిపోయింది. అప్పుడు ఎక్కువగా జ్ఞాపకం మీద ఆధారపడి ఆ పల్లె గురించి పుస్తకం రాశాడు, అది 1976లో వచ్చింది. ఈనాటికీ గొప్ప పుస్తకం అంటారు. నిజంగానే మంచి పుస్తకం, చదవండి. ఒక ప్రొఫెసర్ జ్ఞాపకం శాస్త్రం అయినప్పుడు, డెబ్భై ఏళ్లు అదే నేల మీద బతికిన మన అవ్వ జ్ఞాపకానికి కాగితం చూపించమని ఎందుకు అడుగుతున్నారు? ఈ మాట మర్యాదగా అడగండి, అడిగి ఆగండి. జవాబు వాళ్లను చెప్పనివ్వండి.

బయటివాళ్ల పరిశోధన అంతా చెడ్డదని కూడా అనుకోవద్దు. కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాక ఆదిలాబాద్ గోండుల సంగతి చూడమని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు, అక్కడ బడి పెట్టించాడు, భూమి పట్టాల కోసం పట్టుబట్టాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది, గోండులు ఇప్పటికీ తలుచుకుంటారు. పుస్తకాలు రాసినవాళ్లు చాలామంది, సమాధి దగ్గర దండం పెట్టించుకున్నవాళ్లు ఎంతమంది? ఆయన పేరు మిగిలింది ఆ పట్టాల వల్లేనని నా నమ్మకం.

సరే, పేపర్ ఎట్లా రాస్తే ఫైల్‌కు పనికొస్తది? 'కోయలు అడవి నుంచి ఇప్పపువ్వు, తునికాకు సేకరిస్తారు' అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు, అది అందరికీ తెలిసిందే. ఏ గూడెం వాళ్లు, ఏ వాగు దాటి, ఏ గుట్ట దాకా వెళ్తారు? అవతలి గూడెం హద్దు ఎక్కడ మొదలవుతుంది? ఏ చెట్టు కింద భూమి పండుగ చేస్తారు? గడ్డలు తవ్వేది ఎక్కడ, పశువులు మేసేది ఎక్కడ, చేపలు పట్టే మడుగు ఏది, చనిపోయినవాళ్లను ఎక్కడ పెట్టారు? ఊరుమ్మడి హక్కులకు సాక్ష్యంగా 13వ నియమం అడుగుతున్నవి సరిగ్గా ఇవే. వాటిని పటం గీసి, తేదీ వేసి, ఎవరు చెప్పారో రాస్తే మీ పేపర్లో రెండు పేజీలు పట్టదు. వ్యక్తిగత పోడుకైతే 2005 డిసెంబర్ 13 ముందు నుంచీ సాగులో ఉందని తేలాలి. కాబట్టి పెద్దలను 'ఎప్పటి నుంచి' అని ఊరికే అడగొద్దు. ఫలానా వరద వచ్చిన ఏడా, ఫలానా పెళ్లి జరిగిన ఏడా, బడి కట్టిన ఏడా అని గుర్తులు పట్టుకుని అడగండి. ఆ గుర్తును సంవత్సరంలోకి మార్చడం మీ పని, దానికేగా చదువుకున్నది.

చెప్పినవాళ్ల పేర్ల దగ్గర జాగ్రత్త. మీ గైడ్ 'ఇన్‌ఫార్మెంట్ 4' అని రాయమంటాడు. వాంగ్మూలంగా నిలబడాలంటే పేరు కావాలి. కానీ పోడు కేసు ఉన్న మనిషి పేరు అచ్చులో పెడితే అదే కాగితం ఫారెస్టోళ్ల చేతిలో ఆయన మీదికే వస్తది. ఆయన్నే అడగండి, ఇద్దరు పెద్దల ముందు అడగండి. వద్దంటే వద్దు. మందు చెట్లు దొరికే చోట్లు, బయటివాళ్లకు చెప్పకూడని పూజలు అయితే నేనైతే స్లైడ్ మీద వేయను, మార్కులు పోయినా సరే.

ఇంకో చిక్కు ఉంది. 'పేరున్న సంస్థ' అని నియమంలో ఉంది కాబట్టి, ఇది విద్యార్థి రాసిన కాగితం, చెల్లదు అని ఎవరో ఒక అధికారి అంటాడు. అందుకే విభాగం ముద్ర, సదస్సు సంచిక కాపీ, థీసిస్ అయితే శోధ్‌గంగలో పెట్టిన ఆనవాలు దగ్గర ఉంచుకోండి. దానికి పెద్దల వాంగ్మూలం జత చేయండి. ఒకటికి మించి సాక్ష్యాలు చూడాలని నియమమే చెప్తోంది. ఫలానా రకం కాగితమే కావాలని పై కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణలో చేర్చారు. ఆ పేజీ జిరాక్స్ తీసుకుని జేబులో పెట్టుకోండి, నేను పెట్టుకుంటా.

థీసిస్ ఇచ్చేముందు రెండు సదస్సుల్లో పేపర్ చదవాలని 2016 యూజీసీ నిబంధన ఉండేది, 2022లో అది తీసేశారు. అయినా సర్టిఫికెట్ కోసం పరుగు ఆగలేదు. ఫీజు కట్టి, ఫొటో దిగి, మధ్యాహ్నం బస్సుకు వచ్చేసేవాళ్లను చూశాను. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాకపోతే ఆ ఫీజు ఎట్లా కడుతున్నారో నాకు తెలుసు, తప్పు పట్టట్లేదు. అంత ఖర్చు పెట్టి చదివే పేపర్ రెండు చోట్ల పనిచేయాలన్నదే నా బాధ.

అందుకే సదస్సుకు ముందు మీ గూడెంలో చదవండి. కోయ భాషలో చదవండి, తెలుగు కూడా మన అవ్వలకు పరాయి భాషే. మన డోలీలు పడిగె విప్పి వంశాల కథ చెప్పేటప్పుడు చూశారా, గట్టు పేరు తప్పు పడితే వినే ముసలోళ్లు అక్కడికక్కడే ఆపుతారు. ఏ జర్నల్ వాళ్లూ అంత గట్టిగా సరిచూడరు. మీ పటంలో వాగు తప్పు గీస్తే వాళ్లే చెప్తారు. వాళ్లు ఒప్పుకున్నాక గ్రామసభ రిజిస్టర్లో ఒక తీర్మానం రాయించుకుని, ఎఫ్ఆర్‌సీకి ఒక కాపీ ఇచ్చి అప్పుడు బస్సెక్కండి.

ఈ ఏడుగురిలో ఎవరిదైనా డ్రాఫ్ట్ చేతిలో ఉంటే టీ తాగాక ఇక్కడే చదవండి. నా దగ్గర మూడు గూడేల క్లెయిమ్ ఫైళ్లు ఉన్నాయి, మీ పేపర్లో ఏ పేజీ ఏ ఫైల్‌కు సరిపోతుందో చూద్దాం. ముందుగా వాగు పటం గీసిన చెల్లె రావాలి, ఆ ఫైల్ సోమవారం సబ్ కలెక్టర్ ఆఫీసుకు పోవాలి.