పాత సైకిలు చైను జారుతోందా?



మామగారి నాటి సైకిలు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంటుంది. నల్లరంగు, తోలు సీటు, రాడ్డు బ్రేకులు. పిల్లవాడు దుమ్ము దులిపి, ట్యూషనుకు దీనిమీదే వెళ్తానంటాడు. వెళ్ళనివ్వండి గాని ముందు చైను చూడండి. నిలబడి తొక్కేటప్పుడు చైను జారిందంటే కాలు ఒక్కసారిగా కిందికి పోయి మనిషి హ్యాండిలు మీద పడతాడు. వెనక బస్సుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

"చైను జారుతోందమ్మా" అని పిల్లలు ఒక్క మాటే అంటారు. ఊడి పడిపోతోందా, పళ్ళమీద టక్కున ఎగురుతోందా, లేక చైను తిరుగుతున్నా చక్రం కదలడం లేదా, అది అడగండి. మూడూ మూడు జబ్బులు.

ఊడిపోతూంటే సాధారణంగా వదులే కారణం. చైను కవరు విప్పి, రెండు పళ్ళచక్రాల మధ్య చైనును వేలితో నొక్కితే అరంగుళం మేర ఆడాలి. అంతకు బాగా మించితే వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రం వెనక్కి లాగి బిగించాలి. చక్రం ఒక పక్కకు ఒరగకూడదు. పెడలు తిప్పుతూ నాలుగైదు చోట్ల నొక్కి చూడండి, పాత చక్రాల్లో ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉంటాయి.

ఎగరడం ఇంతకంటె చెడ్డది. చైను అరిగి సాగిందన్నమాట. కుట్టుపని టేపు వద్దు, అది కూడా సాగుతుంది. స్టీలు స్కేలు పెట్టండి. చైనులో ఒక పిన్ను నుంచి మరో పిన్నుకు అరంగుళం. 24 అరలకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువొస్తే ఆ చైను పని అయిపోయినట్లే. అప్పుడు ఫ్రీవీలు పళ్ళూ చూడండి. కొడవలి మొనల్లా వంగి ఉంటే అదీ మార్చాలి. అరిగిన పళ్ళమీద కొత్త చైను ఇంకా ఎక్కువ ఎగురుతుంది, డబ్బు దండగ. ఈ రకం సైకిళ్ళకు అరంగుళం కొలత ఇప్పటికీ అదే కనుక కొత్త చైను దొరుకుతుంది.

మూడోది ఫ్రీవీలు లోపలి జబ్బు. చక్రాన్ని పట్టి తిప్పే చిన్న ఉక్కు నాలుకలు ఎండిన నూనెలో అంటుకుపోతాయి. కొంచెం కిరసనాయిలు పోసి తిప్పి, మురికి కారిపోయాక పలచటి మిషను నూనె వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, కొన్నాళ్ళకు జిగురు కడుతుంది. అయినా పట్టు చిక్కకపోతే ఫ్రీవీలు మార్చేదాకా సైకిలు బయటికి తీయనివ్వకండి.

కొంగు బిగించి, గాజులు పైకి తోసుకుని మరీ కూర్చోండి. తిరిగే చైను దగ్గర వేలు పెట్టకండి. చైను లాకు క్లిప్పు మూసిన కొస, చైను నడిచే వైపుకు ఉండాలి. షాపులో బిగించినా ఇది ఒకసారి చూసుకోండి. తరువాత ఇంటిముందు ఖాళీ వీధిలో, సీటుమీద కూర్చునే రెండు చుట్లు తొక్కించి చూసి, ఆ తరువాతే ట్యూషనుకు పంపండి.