కారు ఇంజను తొట్రుపాటు: రోగము, నిదానము

1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. అది మొదలు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గము ప్రాంతములు రాళ్ళగుట్టల రూపు మాని మహానగర భాగములైనవి. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీ వరకు వచ్చినను, ఉదయ సాయంకాలములందు మైండ్‌స్పేస్ కూడలి యొద్ద కార్ల బారులు కనబడుచునే యున్నవి. అట్టి దారులలో కారు పరుగెత్తు కాలముకంటె నిలిచియుండు కాలమే ఒక్కొకప్పుడు అధికము. కనుక ఇచ్చట కారునకు ముఖ్యమైన పరీక్ష వేగము కాదు, నిలకడ. కదలక నిలిచియున్నప్పుడు ఇంజను సమముగా తిరుగుచున్నదా లేదా అనునదే దాని ఆరోగ్యమునకు గుర్తు.

నిలిచియున్నప్పుడు ఇంజను తిరుగుటను ఐడ్లింగు అందురు. సామాన్యమైన పెట్రోలు కారులో ఇది నిమిషమునకు సుమారు 700 నుండి 900 చుట్ల వరకు ఉండును. ఆ తిరుగుడు ఎగుడుదిగుడుగా ఉండి, స్టీరింగు, సీటు అదరుచుండిన, ఇంజను తొట్రుపడుచున్నదన్నమాట. మన మెకానిక్కులు దీనినే ‘మిస్సింగు’ అందురు. దీనితోపాటు అప్పుడప్పుడు తుపాకి పేలినట్లు ధ్వని వచ్చిన, అది బ్యాక్‌ఫైరు. ఈ రెండును రోగలక్షణములే కాని రోగములు కావు. జ్వరము వచ్చినదని తెలిసినంతమాత్రమున అది ఏ జ్వరమో తెలియదు గదా! వైద్యశాస్త్రములో రోగకారణమును కనుగొనుటకు నిదానమని పేరు. కారు విషయమునను ముందు నిదానము, పిమ్మట చికిత్స. ఈ క్రమము తప్పినవారు ప్లగ్గులు, కాయిళ్ళు, పంపు ఒకదాని వెనుక ఒకటి మార్పించి, వేల రూపాయలు వ్యయపరచి, అదే అదురుతో ఇంటికి తిరిగి వత్తురు.

ఇంజను సరిగా నడచుటకు నాలుగు కావలెను: తగినంత గాలి, తగినంత పెట్రోలు, బలమైన నిప్పురవ్వ, సిలిండరులో బిగువైన ఒత్తిడి. పైగా ఇవన్నియు సకాలమున సమకూడవలెను. పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండుటకు, తూకమున సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. గాలి మిక్కుటమైన మిశ్రమము మెల్లగా మండును. మరల లోపలి కవాటము తెరచుకొను వేళకు ఆ మంట ఇంకను ఆరక, వెనుకకు కార్బురేటరులోనికో గాలి గొట్టములోనికో ఎగయును. బానెట్టు క్రింద వినబడు పేలుడునకు తరచు కారణమిదే. సిలిండరులో మండక తప్పించుకొనిన పెట్రోలు వేడి సైలెన్సరు గొట్టములో చేరి అక్కడ అంటుకొనిన, ధ్వని కారు వెనుకనుండి వచ్చును. కనుక ధ్వని ముందా, వెనుకా అనునది మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న: ఎప్పుడు? ఐడ్లింగులో మాత్రమే అదిరి, యాక్సిలరేటరు నొక్కగానే సర్దుకొనిన, ఎక్కడనో దొంగగాలి జొరబడుచున్నదని మొదట అనుమానింపవలెను. నిలిచియున్నప్పుడు ఇంజను పీల్చు గాలి కొంచెమే గనుక, చిన్న చీలికనుండి వచ్చు గాలికూడ అప్పుడు పెద్దదగును. వేగమందు దాని ప్రభావము తగ్గును. వంతెన ఎక్కునప్పుడు, అనగా భారము పడినప్పుడు, కుదుపు హెచ్చిన, రవ్వ బలహీనమైనదనియో పెట్రోలు చాలుట లేదనియో ఊహింపవలెను. యాక్సిలరేటరు వదలినప్పుడు మాత్రమే వెనుక టపటపమనిన, సైలెన్సరు గొట్టము అతుకులో రంధ్రమున్నదేమో చూడవలెను.

మూడవ ప్రశ్న: అదురు ఇంజనుదేనా? చుట్లు చూపు ముల్లు కదలక నిలిచి, కారు మాత్రము వణకిన, దోషము ఇంజనును మోయు రబ్బరు మౌంటులది కావచ్చును. ఈ మూడు ప్రశ్నలకు పైకము అక్కరలేదు. చెవి, కన్ను చాలును.

ఇక పరీక్షలు. వీనిని చౌకనుండి ఖరీదువైపు చేయవలెను. మొదట ఎయిర్ ఫిల్టరు తీసి చూడుడు. నిర్మాణములు ఎడతెగక సాగు ఈ ప్రాంతమున అది దుమ్ముతో త్వరగా నిండును. పిమ్మట ఇంజనుపైనున్న రబ్బరు గొట్టములను ఒక్కొక్కటిగా పరీక్షించుడు. మన ఎండలకు రబ్బరు గట్టిపడి చీలును. బ్రేకు బూస్టరునకు పోవు గొట్టమును మరువరాదు. బుసమను శబ్దము వినబడుచోట చీలిక ఉండును. థ్రాటిల్ బాడీలో నల్లని మసి పేరుకొనినను ఐడ్లింగు చెడును. దానిని శుభ్రము చేయుట చిన్న పని.

తరువాత స్పార్కు ప్లగ్గులు. ఇంజను చల్లారిన పిమ్మట విప్పి, ఏది ఏ సిలిండరుదో గుర్తుంచుకొని వరుసగా పెట్టుడు. కొన లేత గోధుమరంగున ఉండిన ఆరోగ్యము. పొడి మసి పట్టిన పెట్రోలు అధికము. తెల్లగా కాలియున్న గాలి అధికము. నూనె తడి ఉన్న, ఇంజను ఆయిలు లోపలికి దిగుచున్నది. నాలుగింటిలో ఒకటే వేరుగా ఉండిన దోషము ఆ సిలిండరుకే పరిమితము, నాలుగును ఒకే విధముగ చెడిన దోషము అందరికి ఉమ్మడియైన చోట ఉన్నది.

ఇటీవలి కార్లలో ఇంజను దోషములను కంప్యూటరు వ్రాసి ఉంచుకొనును. స్కానరు తగిలించిన పీ 0300 అను సంఖ్య వచ్చిన, పలు సిలిండర్లు తప్పుచున్నవి. పీ 0301 అనిన మొదటిది, పీ 0302 అనిన రెండవది. పీ 0171 అనిన గాలి అధికము. అయితే ఈ సంఖ్య తీర్పు కాదు, సాక్ష్యము మాత్రమే. పీ 0301 చూచి వెంటనే కాయిలు కొనరాదు. మొదటి సిలిండరు కాయిలును రెండవదానికి, రెండవదానిని మొదటిదానికి మార్పించి మరల నడిపించవలెను. సంఖ్య పీ 0302గా మారిన, దోషము నిజముగా కాయిలుదే. మారకున్న, ఆ కాయిలు నిర్దోషి. ఇంత చిన్న పరీక్ష ఎంతటి వ్యయమునో తప్పించును.

పెట్రోలును గూర్చి ఒక మాట. 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో ఆరంభమై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాలు మండుటకు తొమ్మిది పాళ్ళ గాలి చాలును. అనగా అంతే గాలికి ఇంధనము ఎక్కువ కావలెను. ఆక్సిజన్ సెన్సారు గల కార్లలో కంప్యూటరు చాలవరకు సర్దుకొనును. కార్బురేటరులోని జెట్టు రంధ్రమో, మారదు. 1983లో వచ్చి 2014 వరకు తయారైన మారుతి 800లో తొలినాటి బండ్లు కార్బురేటరువే. అట్టి కారును ప్రేమతో కాపాడుకొనువారు, ఐడ్లింగు చెడి కార్బురేటరులో పేలుడు వినబడిన, మిశ్రమమును తిరిగి సరిచేయించుటయు, పాత రబ్బరు గొట్టములను ఇథనాలునకు తట్టుకొనువానితో మార్పించుటయు మంచిది. ఇథనాలు నీటిని పీల్చుకొనును గనుక, నెలల తరబడి నిలిపిన కారులోని పాత పెట్రోలును నమ్మరాదు.

ఇవన్నియు సరిగానున్నను ముందు వెనుకల పేలుడు ఆగకున్న, టైమింగు బెల్టు పన్ను జారినదేమో, కవాటములు బిగువుగా మూయుచున్నవో లేదో, సిలిండరు ఒత్తిడి సమముగానున్నదో లేదో నిపుణునిచే చూపించవలెను. ఇది గృహస్థుడు చేయు పని కాదు.

అపాయమును గూర్చి కూడ చెప్పవలెను. రవ్వ వేలకొలది వోల్టుల విద్యుత్తు. నడుచుచున్న ఇంజనుపై ప్లగ్గు తీగలను చేతితో లాగరాదు. పెట్రోలు వాసన వచ్చుచుండ బ్యాక్‌ఫైరు వినబడిన, వెంటనే ఇంజను ఆపి, దూరముగా నిలువుడు. ఇంజను దీపము మిణుకుమిణుకుమనుచుండిన, మండని పెట్రోలు సైలెన్సరులోని క్యాటలిటిక్ కన్వర్టరును చేరి, దాని పింగాణి జల్లెడను కరగించునంత వేడి పుట్టించుచున్నదని హెచ్చరిక. ‘ఎట్లో ఇల్లు చేరుదము’ అని నడుపుటచే ప్లగ్గుతో పోవు వ్యయము కన్వర్టరు వరకు పెరుగును. అట్టి కారును ఎండుగడ్డిపై నిలుపుట అగ్నిని పిలుచుటయే. 2020 అక్టోబరు నాటి వరదల వంటి వానలలో నీట మునిగిన కారును, ఎంతమాత్రము స్టార్టు చేయరాదు. సిలిండరులో చేరిన నీరు అణగదు, ఇనుపకడ్డీలే వంగును.

కారును మెకానిక్కు నొద్దకు కొనిపోవునప్పుడు ‘సరిగా లేదు, చూడు’ అని ఊరకుండుట కంటె, ధ్వని ఎచ్చట, అదురు ఎప్పుడు, చల్లనైనప్పుడా వేడియైనప్పుడా, పెట్రోలు ఎప్పుడు పోయించితిమి అని కాగితముపై వ్రాసి ఇచ్చుట మేలు. మార్చిన పాత భాగమును అడిగి చూడుడు. ఏ పరీక్షవలన దానిని దోషిగా నిర్ణయించెనో అడుగుడు. నేర్పరియైన మెకానిక్కు ఈ ప్రశ్నకు కోపపడడు, సంతోషించును. తెలుగున నిదానమను మాటకు రెండర్థములు కలవు: కారణమును కనుగొనుట ఒకటి, తొందరపడకుండుట రెండవది. కారు విషయమున ఆ రెండర్థములును ఒక్కటే యని మా విన్నపము.