జర్మనీలో ప్రైవేటు అపరాధ పరిశోధకులు



ఇంట దొంగతనము జరిగినచో రక్షకభటులయొద్దకు పోవుదుము. అనుమానము మాత్రమే కలిగినచో ఎవరియొద్దకు పోవలెను? కొట్టులో సరుకు నానాటికి తరుగుచున్నది. బాకీదారు ఇల్లు మార్చి కానరాకున్నాడు. జబ్బని సెలవు పుచ్చుకొన్న పనివాడు వేరొకచోట పని చేయుచున్నాడని వదంతి. వీనిలో కొన్నింట నేరమే లేకపోవచ్చును. కొన్నింట నేరమున్నను సాక్ష్యము లేదు. ఇట్టి సందర్భములలో రుసుము పుచ్చుకొని నిజము కనిపెట్టి చెప్పువారు జర్మనీ దేశమున కలరు. వీరినే ప్రైవేటు డిటెక్టివులందురు. వారి వృత్తిని గూర్చియు, దానికి అచ్చటి న్యాయము గీచిన గీటును గూర్చియు నేడు మనవి చేసెదను.

మాన్‌హైము అను నగరమును ఉదాహరణముగా గైకొందము. ఇది రైను, నెకారు నదుల సంగమస్థానమున నున్నది. నగరమధ్యమున పెక్కు వీధులకు పేర్లు లేవు. చదరంగపు బల్ల గళ్లవలె తీర్చిన ఇండ్ల సముదాయములను ఒక అక్షరముతోను, ఒక అంకెతోను గుర్తింతురు. కార్ల్ బెంజు 1886లో మోటారుబండికి పేటెంటు పొందినది ఇచ్చట నివసించుచుండగనే. ఆ మోటారుబండియే తరువాత డిటెక్టివుల వ్యవహారమొకటి న్యాయస్థానమున కెక్కుటకు సాధనమైనది. ఆ సంగతికి ముందు వీరి అధికారమెంతటిదో తెలిసికొనవలెను.

కౌటిల్యుని అర్థశాస్త్రమున గృహస్థు, వర్తకుడు, తాపసి మొదలగు వేషములతో సంచరించు చారులు కలరు. వారు రాజునకు కన్నులు. వారి వెనుక రాజ్యాధికారమున్నది. జర్మనీ డిటెక్టివు వెనుక అట్టి అధికార మేమియు లేదు. ఈ వృత్తి నారంభింపగోరువాడు స్థానికాధికారులకు తెలిపి పేరు నమోదు చేసికొనవలెను. వాడు నమ్మదగినవాడా కాడా అని అధికారులు విచారింతురు. అంతకు మించి ప్రభుత్వ పరీక్ష ఏదియు లేదు. ఇల్లు సోదా చేయుటకు గాని, ఒకరిని పిలిపించి ప్రశ్నించుటకు గాని వానికి హక్కు లేదు. దుకాణమున దొంగను చేతిసొమ్ముతో పట్టుకొన్నచో, పారిపోవునన్న శంక యున్నప్పుడు పోలీసులు వచ్చువరకు నిలిపి యుంచవచ్చును. ఐతే ఈ హక్కు దారిన పోవు ప్రతి మనుష్యునకును కలదు. పరుల మాటలను రహస్యముగా యంత్రమున పట్టుట, ఇంటిలోని మనుష్యులను చాటునుండి ఛాయాచిత్రములు తీయుట శిక్షార్హములు. వీధిలో అందరకు కనబడునది చూచుటయే డిటెక్టివు పని. దానికిని హద్దు కలదు.

ఇక మాన్‌హైము వ్యవహారము. ఒక డిటెక్టివు సంస్థ యజమానియు, వాని ఉద్యోగియు తాము వెంబడింపవలసిన వారి బండ్లకు, వారెరుగకుండ, ఉపగ్రహముల సాయమున స్థానమును తెలుపు చిన్న యంత్రములను అమర్చిరి. ఎవరు ఏ వేళ ఎచ్చటికి పోయిరో అంతయు పటముపై తేటపడెను. మాన్‌హైము న్యాయస్థానము ఇది నేరమని ఇరువురకును శిక్ష విధించెను. కార్ల్స్‌రూహ నగరమందలి అత్యున్నత న్యాయస్థానము 2013 జూన్ 4వ తేదీన తీర్పు చెప్పుచు, ఇట్టి పని సాధారణముగా నేరమే యని ఆ మూలసూత్రమును స్థిరపరచెను. ఆత్మరక్షణమునకు సమానమైన బలవత్తరమగు అవసరమున్నచో మాత్రము ప్రత్యేకముగా విచారింపవలెనని, కొన్ని అంశములను తిరిగి విచారణకు పంపెను. ఫలానివారు చూడుమని సొమ్మిచ్చిరి అను మాట చూచుటకు హక్కు నీయజాలదని దీని సారాంశము.

ఇంత కట్టుదిట్ట మేల యని మీరు ప్రశ్నింపవచ్చును. పొరుగువాడు పొరుగువానిపై చాడీలు వ్రాయుటవలన ఏమి జరుగునో నాజీల కాలమున ఆ దేశము చూచినది. పిదప తూర్పు జర్మనీలో 1950లో ఏర్పడిన రాజ్యభద్రతా శాఖ లక్షకు మించిన రహస్య సహాయకులను పెట్టుకొని ప్రజల నడవడిని కాగితముల కెక్కించెను. 1989 డిసెంబరు 4వ తేదీన ఎర్ఫర్టు నగర పౌరులు, స్త్రీలు ముందు నడువగా, ఆ శాఖ కార్యాలయమున జొరబడి దస్త్రములను తగులబెట్టకుండ కాపాడిరి.

దేశపు శ్రామిక న్యాయస్థానము నేడు ఆ ఎర్ఫర్టులోనే యున్నది. జబ్బని సెలవుపై నున్న ఒక ఉద్యోగినిపై యజమాని డిటెక్టివును నియమించెను. వాడు నాలుగు దినములు వెంబడించి, ఆమె తన ఇంటిముందర భర్తతోను కుక్కతోను నిలిచియుండగను, బట్టలుతుకు చోటికి పోవుచుండగను చిత్రములు తీసెను. యజమాని అనుమానమునకు తగిన ఆధారములు లేనందున, ఆమెకు 1,000 యూరోల పరిహార మీయవలెనన్న తీర్పును ఎర్ఫర్టు న్యాయమూర్తులు 2015లో ఖాయపరచిరి. 2024లో ఇట్టిదే మరియొక వ్యాజ్యమున 1,500 యూరోలు పరిహారమయ్యెను. దీనిని బట్టి యజమానికి ఆధారమే లేదనుకొనరాదు. దృఢమగు ఆధారముతో నియమింపగా పనివాని మోసము రుజువైనచో, అవసరమైనంత ఖర్చును వానినుండి రాబట్టవచ్చునని కూడ ఆ న్యాయస్థానమే చెప్పియున్నది.

మరి ఊరి దొంగతనముల మాట యేమి? 2015లో జర్మనీలో ఇండ్లకు కన్నము వేసిన కేసులు 1,67,000కు పైబడెను. 2021 నాటికి అవి 54,000 చిల్లరకు దిగెను. అంటువ్యాధి కాలమున జనులు ఇంటిపట్టున నుండుట దీనికొక కారణము. పిదప మరల కొంత పెరిగినవి. ఐనను ఐదింట రెండుకు మించిన ప్రయత్నములు తలుపు దాటలేక విఫలమగుచున్నవి. దీనికి గట్టి తాళములు, గడియలు ముఖ్యకారణమని పోలీసులందురు. ఎట్టి తాళము మేలో వారే ఉచితముగా సలహా చెప్పుదురు.

గ్రామపెద్దలగు మీ యొద్దకు అనుమానములు మోసికొని వచ్చువారు కలరు. కొడుకుపై తండ్రి, కోడలిపై అత్త, పాలేరుపై ఆసామి. ఇప్పుడు చేతియందిమిడెడు యంత్రముతో ఎవరైనను ఎవరినైనను వెంబడింపవచ్చును. అట్టివారు వచ్చినప్పుడు మొదట మూడు ప్రశ్నలు వేయుడు: నీ అనుమానమునకు కంటికి కనబడు ఆధారమేమి? నిలబెట్టి అడిగి తెలిసికొనుటకు వీలు లేదా? అనుమానము అబద్ధమైనచో ఆ మనుష్యునకు పోయిన మర్యాదను నీవు తిరిగి ఈయగలవా? ఈ మూడింటికి సమాధానము చెప్పలేనివాని చేతికి మరియొకని గుట్టు చిక్కనీయకుండుటయే పెద్దరికము.