అసలెంత? వడ్డీ ఎంత?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పుల లెక్కల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు నాకు నవ్వొచ్చింది. సోషియాలజీలో డాక్టరేటు చేసిన నేను నా ఇంటి అప్పునే చాలాకాలం తప్పుగా రాసుకున్నాను. ఇంటి జమాఖర్చులు రాసుకోవడానికి జీఎన్‌యూ క్యాష్ అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాం ఉంది. అందులో నెలనెలా కట్టే కిస్తీ మొత్తాన్నీ ఖర్చు కింద వేసేదాన్ని. ఏడాది చివర చూస్తే అప్పు పైసా తగ్గలేదు! తప్పు ప్రోగ్రాంది కాదు, నాది. కిస్తీలో వడ్డీ మాత్రమే ఖర్చు. అసలు కింద కట్టింది బాకీలోంచి తగ్గాలి. ఒకే కిస్తీని రెండు పద్దులుగా విడదీసి రాయాలి.

అలా విడదీస్తే ఏం కనిపిస్తుందో చూడండి. 10 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుందాం. నెల కిస్తీ 8,997 రూపాయలు. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది. 5 ఏళ్ళలో దాదాపు 5 లక్షల 40 వేలు కడితే అసలు తగ్గేది లక్షా 13 వేలే.

ఇది ఉద్యోగస్తుల గొడవ అనుకోకండి. నిజానికి ఈ విడదీత మన సంఘాల స్త్రీలకు కొత్త కాదు. 'నూటికి రెండు' అంటే ఏడాదికి 24 శాతమని వాళ్ళకు నోటిలెక్క. ఊళ్ళో అప్పు తెస్తే వడ్డీ వేరు, అసలు వేరు. కిస్తీల అప్పులు వచ్చాక రెండూ కలిసిపోయాయి. 'వారానికెంత' అన్న ప్రశ్న మిగిలింది, 'అసలెంత' అన్నది పోయింది.

ఒక ఉదాహరణ చెప్తాను. 20,000 అప్పు. 'నూటికి రూపాయే, ఏడాదికి 12 శాతమే' అంటారు. 2,400 వడ్డీ ముందే కలిపి నెలకు 1,867 చొప్పున 12 నెలలు కట్టమంటారు. ఆరు నెలలకు సగం అసలు తీరిపోయినా వడ్డీ మాత్రం 20,000 మీదే పడుతూ ఉంటుంది. మిగిలిన అసలు మీదే లెక్కేస్తే కిస్తీ 1,777, మొత్తం వడ్డీ 1,324. అంటే 12 శాతమని చెప్పి వసూలు చేసేది దాదాపు 21.5 శాతం! ఎక్కువ తీసుకున్న ఆ 1,076 రూపాయలు ఆమె కష్టార్జితం.

2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు వచ్చినప్పుడు మనం దౌర్జన్యపు వసూళ్ళ గురించి మాట్లాడాం. అది అవసరమే. కానీ కార్డు మీది లెక్క గురించి అంతగా పట్టించుకోలేదు. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాల నిబంధనల్లో కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పింది. అప్పు కార్డు ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. కట్టిన ప్రతి కిస్తీకీ అందులో రశీదు పడాలి. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇవి ఎవరి దయా కాదు, అడిగి తీసుకోవలసినవి.

ఇంకో మాట కూడా చెప్పాలి. సంతకం ఆమెది, డబ్బు వాడుకునేది భర్త, కిస్తీ కోసం పరుగులు పెట్టేది మళ్ళీ ఆమే. ఇలాంటి ఇళ్ళు మీకందరికీ తెలుసు. 'ఇంటి అప్పు' అన్న మాట కింద ఆమె కట్టింది కనిపించకుండా పోతుంది. అందుకే పుస్తకంలో ఎవరు వాడారు, ఎవరు కట్టారు అన్నవి కూడా రాయమంటాను. ఆ గడి నింపేటప్పుడే అసలు చర్చ మొదలవుతుంది.

కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు, ఒక నోటుబుక్కు చాలు. తేదీ, కట్టింది, వడ్డీ, అసలు, మిగిలిన బాకీ అని ఐదు గడులు గీయండి. మిగిలిన బాకీని ఏడాది వడ్డీ రేటుతో హెచ్చవేసి, వందతోనూ పన్నెండుతోనూ భాగిస్తే ఆ నెల వడ్డీ వస్తుంది. కిస్తీలోంచి అది తీసేస్తే మిగిలింది అసలు. ఈసారి సంఘం మీటింగుకు ప్రతి ఒక్కరినీ అప్పు కార్డు తెచ్చుకోమనండి. అందరూ కలిసి ఒక్క కార్డు లెక్క వేయండి. లెక్క తేడా వస్తే ఆమెను ఒంటరిగా పంపకండి. అందరూ కలిసి వెళ్ళి అడగండి.