పిల్లి ప్రయాణము



సంక్రాంతి సమీపించినంతనే హైదరాబాదునకు తూర్పుననున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతములలో కాపురమున్న మీ బిడ్డలు స్వగ్రామములకు బయలుదేరుదురు. ఎల్‌బీ నగర్ కూడలి విజయవాడ రహదారికి ముఖద్వారము వంటిది. ఆ బిడ్డల యిండ్లలో కొన్నింట పిల్లియు నొకటి పెరుగుచున్నది. కావున “నాయనా, పిల్లిని వెంట తేవలెనా, ఇంటనే యుంచవలెనా?” అను ప్రశ్న మీయొద్దకు వచ్చును. దీనిని నవ్వి త్రోసివేయరాదు. ఒక ప్రాణి క్షేమము దీనిపై నాధారపడియున్నది.

ప్రయాణమునకు పిల్లి యెదురైనచో శకునము మంచిది కాదని మనవారందురు. మన ప్రయాణమునకు పిల్లిని విచారించుటయే గాని, పిల్లి ప్రయాణమును విచారించువారు తక్కువ.

పిల్లికి తానెఱిగిన తావు మిక్కిలి ముఖ్యము. అది తన చెక్కిళ్లను గోడలకు, తలుపులకు, మన కాళ్లకు రాయుట మీరు చూచియేయుందురు. చెక్కిళ్లయందలి గ్రంథుల వాసనను అట్లు పూసి, ఇది నా యిల్లని గుఱుతు పెట్టుకొనును. ఆ వాసన లేనిచోట దానికి బెదురు. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునను సామెత కలదుగదా యందురేమో. ఆ యిండ్లను అదియే యెంచుకొనును. ఆ త్రోవను అదియే నడచును. బుట్టలో మూసి వాహనములో కొనిపోవుట వేఱు.

పండుగనాళ్లలో చౌటుప్పల్ చెంత పంతంగి టోల్‌గేటు వద్ద వాహనములు బారులుతీరి నిలుచుట మీరెఱిగినదే. ఊరు చేరిన పిదప క్రొత్త యిల్లు, బంధుజనము, భోగిమంటలు, వీథికుక్కలు. తలుపు తెఱచినంతనే బెదరి పరుగెత్తిన పిల్లికి మరలివచ్చు త్రోవ తెలియదు. దానిని వెదకి వెదకి, పసిపిల్లలు కంటతడితో తిరుగు ప్రయాణము చేయవలసి వచ్చును.

కావున నాలుగైదు దినముల ప్రయాణమైనచో పిల్లిని ఇంటనే యుంచుట మేలు. అయితే గిన్నెడన్నము పెట్టి తాళమువేసి పోరాదు. తెలిసిన పొరుగువారొకరు దినమునకు రెండుమార్లు వచ్చి తిండిపెట్టి, నీరు మార్చి, ఇసుకతొట్టి శుభ్రపఱుపవలెను. తిన్నదో లేదో తప్పక చూడవలెను. రెండుమూడు దినములు ఏమియు తినని పిల్లికి, విశేషించి బలిసినదానికి, కాలేయమున క్రొవ్వు పేరుకొని ప్రాణాపాయము కలుగవచ్చును. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరలు దానికి విషము. పెరిగిన పిల్లులలో చాలవాటికి పాలు జీర్ణము గావు. ఇక వీథిలో విడిచిపోవుట ఎంతమాత్రమును కూడదు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ననుసరించి నేరము.

చూచువారెవ్వరును లేనిచో, లేక నెలల తరబడి ఊర నుండవలసినచో, వెంట తెచ్చుటయే మంచిది. రేబిస్ టీకా ముందే వేయింపవలెను. మూతయు, గాలి యాడు సందులును గల గట్టిబుట్టను వారము ముందుగానే యింటనుంచి, పిల్లి పండుకొను పాతగుడ్డను అందు పఱువవలెను. బయలుదేరుటకు మూడునాలుగు గంటల ముందు తిండి మానుపవలెను, నీరు మానుపరాదు. బస్సులో, రైలులో పోవువారు జంతువులను గూర్చిన నిబంధనలను ముందే కనుగొనవలెను. త్రోవలో బుట్ట తెఱవరాదు. ఎండలో నిలిపిన కారులో పిల్లిని విడువరాదు. నోరు తెఱచి రొప్పుచున్నచో ప్రమాదమని గ్రహించి, చల్లనిచోటికి చేర్చి పశువైద్యునికి చూపవలెను. ఊరు చేరిన పిమ్మట ఒక గదిలో తలుపులు మూసి యుంచి, దాని గుడ్డను, ఇసుకతొట్టిని అందే యమర్పవలెను.

పెద్దలారా, ఈ నిర్ణయమున సగము మీ చేతిలో నున్నది. “పిల్లికొఱకు పండుగ మానుదురా?” అని మీరు కోపించినచో, బిడ్డ తొందరపడి తాళమువేసియో, పిల్లిని సంచిలో కుక్కుకొనియో వచ్చును. అట్లుగాక, “పిల్లిని చూచువారెవరు?” అని మీరే ముందుగా నడుగుడు. ఎవరును లేరన్నచో ఇంట నొక గదిని ఖాళీచేసి యుంచుడు. పొరుగువారు చూతుమన్నచో, బిడ్డలు తిరిగిపోవునపుడు వారికై నాలుగు అరిసెలు కట్టి పంపుడు.