చిన్న గెలాక్సీలు – నా పొరపాటు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో నేనొక పొరపాటు మాట చెప్పాను. ముప్పై మూడేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. తప్పు పడితే దిద్ది సంతకం పెట్టనిదే నిద్ర పట్టదు. అందుకే ఈ అయిదు నిమిషాలు అడిగి తీసుకున్నాను.

మన పాలపుంత చుట్టూ చిన్న గెలాక్సీలు ఎన్నో ఉన్నాయి. నక్షత్రం పుట్టాలంటే చల్లని వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్, కావాలి. పాలపుంతను పల్చని వేడి వాయువు ఆవరించి ఉంది. చిన్న గెలాక్సీ అందులోంచి వేగంగా పోతుంటే ఎదురుగాలి కొట్టినట్టవుతుంది. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టడం మనం చూసిందే. గింజ నిలుస్తుంది, పొల్లు ఎగిరిపోతుంది. అక్కడా నక్షత్రాలు నిలుస్తాయి, వాయువు పోతుంది. ఆపైన కొత్త నక్షత్రాలు పుట్టవు.

సుమారు 2.5 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని డ్రాకో గెలాక్సీ ఇలా ఎండిపోయినదే. అందులో చాలావరకు ముసలి నక్షత్రాలే. 2007లో ప్రకటించిన లియో-టి కూడా బహు చిన్నది. కాని అది 13 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా ఎడంగా ఉంది. అందులో వాయువు మిగిలి ఉంది, వయసులో చిన్న నక్షత్రాలూ ఉన్నాయి.

ఇది చెప్పి ఊరుకోక, "పెద్దదాని పంచన చేరిన ప్రతి చిన్నదీ ఎండిపోతుంది, మనుషులైనా అంతే" అన్నాను. మీరు చప్పట్లు కొట్టారు. తర్వాత ఆస్ట్రేలియా నుంచి మనుమరాలు ఫోనులో, "తాతయ్యా, 2019లో ఇక్కడ మనం చూసిన రెండు తెల్లని మేఘాల మాటేమిటి?" అని అడిగింది. నా నోట మాట రాలేదు.

అవి మెగలానిక్ మేఘాలనే గెలాక్సీలు. ఒకటి 1.6 లక్షల, రెండవది 2 లక్షల కాంతి సంవత్సరాల దూరం. డ్రాకో కంటె దగ్గర! అయినా వాటిలో నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి. అవి బరువైనవి కనుక వాయువును పట్టి ఉంచగలవు. పాలపుంత దగ్గరకు ఈమధ్యనే వచ్చాయని చాలామంది శాస్త్రజ్ఞుల అంచనా. పైగా ఒకదాన్నొకటి లాగడం వల్ల వాయువు కదిలి, నక్షత్రాల పుట్టుకకు ఊతమవుతోంది. వాటి వెనుక పొడవైన వాయుధార సాగి ఉంది. అంటే ఖర్చు మొదలైంది, నిల్వ ఇంకా ఉంది.

కనుక దూరం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. బరువు, వచ్చిన కాలం, తోడు, అన్నీ చూడాలి.

నా మాట విని మన సభ్యులొకరు, కొడుకు రమ్మన్నా వెళ్ళడం మానుకున్నారని తెలిసింది. మనుషుల విషయంలో గెలాక్సీలు సాక్ష్యం చెప్పవు. ఆ మాట రద్దయినట్టు భావించి, వారు టిక్కెట్టు కొనుక్కోవలసిందిగా మనవి.

సెలవు.