జీర్ణోద్ధరణము: ఇంజను లేని అమెరికా కారు



జీర్ణోద్ధరణమను మాట దేవాలయముల విషయమున మనకు చిరపరిచితము. నేడు దానినే యొక పాత అమెరికా కారునకు అన్వయించి నాలుగు మాటలు చెప్పదలచితిని. బాలురకు శబ్దములు, పద్యములు వల్లె వేయించిన పంతులునకు కారులతో నేమి పని యని మీరడుగవచ్చును. మన బిడ్డలు అనేకులు నేడు అమెరికాలో నున్నారు. వారు పెద్ద మొత్తములు వెచ్చింపదలచినపుడు ఇక్కడి పెద్దల మాట యడుగుట కలదు. ఒహాయో రాష్ట్రమున నుద్యోగము చేయుచున్న మా తమ్ముని కుమారుడు, “పెదనాన్నగారూ, 1968 నాటి పాంటియాక్ జీ.టీ.ఓ. కారొకటి అమ్మకమునకు వచ్చినది. ఇంజను మాత్రము లేదు. బాగుచేయించుకొనుటకై కొనవచ్చునా?” అని నన్నడిగెను. ఆ ప్రశ్నకై నేను విషయమును కొంత పరిశీలింపవలసి వచ్చినది.

ఇట్టి బండ్లను అమెరికావారు ‘మజిల్ కారు’లందురు. కండబలము గల బండ్లని యర్థము. మధ్యరకపు బండిలో పెద్ద బండికి దగిన ఇంజనును బిగించుటయే వాని రహస్యము. ఇందు ప్రసిద్ధి కెక్కినది 1964 నమూనాగా వెలువడిన జీ.టీ.ఓ. పాంటియాక్‌నకు మాతృసంస్థయైన జనరల్ మోటార్స్ వారు మధ్యరకపు బండ్లలో 330 ఘనాంగుళములకు మించిన ఇంజను కూడదని నియమము పెట్టుకొనియుండిరి. పాంటియాక్‌లో జాన్ డిలోరియన్ మున్నగు ఇంజనీర్లు 389 ఘనాంగుళముల ఇంజనును, కోరినవారికి మాత్రమిచ్చు అదనపు సామగ్రిగా లెమాన్స్ బండికి చేర్చి, ఆ నియమమును దాటిరి. వ్యాకరణమున వికల్పమెంత యుపకారియో వారికిని అంత యుపకరించినది! మొదటి యేటనే 32,000 పైచిలుకు బండ్లు అమ్ముడుపోయినవి. 1966లో జీ.టీ.ఓ. స్వతంత్ర నమూనా యయ్యెను. 1968 నాటి బండికి సాధారణముగా 400 ఘనాంగుళముల, అనగా సుమారు ఆరున్నర లీటర్ల, ఇంజను, 350 అశ్వశక్తి. మన వీధులలో తిరుగు చిన్న కారులకు లీటరు, లీటరుంబావు ఇంజనే యెక్కువ.

ఆ వైభవము పదియేండ్ల ముచ్చట. బీమా ఖర్చులు పెరిగినవి. 1970లో వాయుకాలుష్యమును గూర్చి గట్టి చట్టము వచ్చినది. 1973లో చమురు కరవు సంభవించినది. 1974 నమూనాతో ఆ జీ.టీ.ఓ. ముగిసినది. 2010లో పాంటియాక్ పేరుతో కారులు చేయుటయే నిలిచిపోయినది. కావుననే మిగిలిన బండ్లపై నింత మోజు.

ఇక ఇంజను లేకపోవుట మాట. తర్కశాస్త్రమున అభావము కూడ నొక పదార్థమే. ఇంజను లేదన్నది కన్నులకు కనబడుచున్నది. దానికి వెల కట్టవచ్చును. భయపడవలసినది కనబడని దోషమునకే. ఒహాయో వంటి ఉత్తర రాష్ట్రములలో శీతకాలమున మంచు కరగుటకై రోడ్లపై నుప్పు చల్లుదురు. ఆ యుప్పు ఇనుమును దినివేయును. ఈ బండిలో క్రింది చట్రము వేరు, పైదేహము వేరు. రెండును బోల్టులతో బిగింపబడియుండును. ఆ బిగింపుల చోట్లు, కాళ్లక్రింది రేకు, వెనుక అద్దపు దిగువ అంచు, సామానుపెట్టె అడుగు ముందుగా తుప్పుపట్టును. పైన నిగనిగలాడు రంగు క్రింద మందముగా పూత పూసియుండవచ్చును. గుడ్డ చుట్టిన అయస్కాంతమును రేకుపై నుంచినచో అది అంటుకొనని చోట లోపల ఇనుము లేదని తెలియును. ఇంజనుకన్న చట్రమును బాగుచేయుటయే కష్టమని నిశ్చయింపుమని మావానికి జెప్పితిని.

ఇంజను లేదన్నపుడు ఇంజనొక్కటియే లేదనుకొనరాదు. దానితోబాటు కార్బురేటరు, ఆల్టర్నేటరు, ఫ్యాను, కప్పీలు, బిగింపు ముక్కలు, పొగగొట్టములు, ఒక్కొక్కప్పుడు రేడియేటరును పోయియుండును. ఈ చిల్లర సామానుల వెల కూడినచో చిల్లర కాదు. ఇంజను లేనిదే గేరుపెట్టె పనిచేయునో లేదో తిప్పి చూచుటకు వీలులేదు. దానిని చెడినదిగానే లెక్కింపవలెను. మేలైన సంగతియు నొకటి గలదు. పాంటియాక్ వారి 350, 400, 455 ఘనాంగుళముల ఇంజనులు వెలుపలి కొలతలలో నొక్కటియే. కావున వేరొక పాంటియాక్ బండినుండి తీసిన ఇంజను దీనిలో నమరును. బాగుపడిన బండికి బజారులో నెంత వచ్చునో చూచి, అందుండి ఈ ఖర్చులన్నియు తీసివేసి, మిగిలినదానిలోను కొంత తగ్గించి అడుగుట వివేకము.

అన్నిటికంటె ముఖ్యమైనది సత్యము. 1966 మొదలు 1971 వరకు అసలైన జీ.టీ.ఓ. గుర్తింపు సంఖ్య 242 తో మొదలగును. 1968 బండిలో నది ముందరి అద్దమునుండి కనబడును. ఆ యేటినుండి బండి సంఖ్యలో కొంతభాగమును ఇంజనుపైనను ముద్రించిరి. రెండును సరిపోలిన బండికి వెల యెక్కువ. మనవాని బండికి పుట్టుకతో వచ్చిన ఇంజను పోయినది గనుక ఆ గౌరవమిక రాదు. అచ్చట నొకడు, వేరొక ఇంజనును దెచ్చి పాత అంకెలను గీకివేసి క్రొత్త అంకెలు కొట్టించినచో మంచి వెల వచ్చునని యాశ పెట్టెనట. మావాని మనస్సు ఊగిసలాడుచున్నట్లు వాని మాటలోనే నాకు తెలిసినది.

నేను వానికిట్లు చెప్పితిని. “నాయనా, తాళపత్రములలో పురుగు తిన్నచోట పండితుడు గ్రంథపాతమని వ్రాసి విడిచిపెట్టును, తాను పూరించినచో ఇది నా పూరణమని తెలుపును. తన పద్యమును కవి పేర చెలామణి చేసినవాడు పండితుడు కాడు, చోరుడు. నీ బండికిని అంతియే. వేరొక ఇంజనును పెట్టుకొనుటలో తప్పు లేదు. అది వేరొకటియని దాచుటలోనే యున్నది. నీనుండి కొనువాడును ఎవరి బిడ్డయో!”

వాడు కొంతసేపు మాటాడలేదు. పిదప, అంకెల మాట విడిచితిననియు, చట్రము గట్టిగా నున్నచో దేహమునకు దగిన వెలకే కొందుననియు, యాజమాన్యపత్రము చేతబడనిదే సొమ్మీయననియు ననెను. అట్లే కొనెను. పిల్లల చదువు సొమ్ము ముట్టక, నెలకింతయని వేరుగా దాచి పని చేయుచున్నాడు. ఏ భాగమెక్కడనుండి తెచ్చినదో ఒక పుస్తకమున వ్రాసి, బండితోబాటు దానిని కూడ భద్రపరచుచున్నాడు. 1970 తరువాతి 400 ఘనాంగుళముల ఇంజనొకటి దొరకినది, ఇంకను బిగింపలేదు.

గుడియైనను, గ్రంథమైనను, బండియైనను పాతదానిని నిలబెట్టువాడు నిలిచియున్నదేదో, పోయినదేదో, తాను చేర్చినదేదో స్పష్టముగా చెప్పగలిగియుండవలెను. మీ బిడ్డలు దూరదేశమునుండి ఇట్టి ప్రశ్న వేసినపుడు, ఇంజను సంగతి తెలియదని మీరు వెనుదీయనక్కరలేదు. ఈ ఒక్క మాట చెప్పిన చాలును.

సెలవు.